కాబోయే కోడలికి వైన్ రాణి కిరీటం: అది ఏమిటి, పని ఎంత, పెళ్లి ముహూర్తం ఎప్పుడు

నమస్కారమండీ. మీ ప్రశ్నను కుదించి చెబితే ఇదీ: మీ అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. అతను పెళ్లి చేసుకోబోయే అమ్మాయిది నాహే నది లోయలో ద్రాక్ష పండించే కుటుంబం. ఆమె వైన్ తయారీలో శిక్షణ పూర్తిచేసి సొంత తోటలోనే పనిచేస్తోంది. ఈమధ్య ఆమెను ఆ ప్రాంతానికి వైన్ రాణిగా ఎన్నుకున్నారు. వచ్చే సెప్టెంబరులో జాతీయ పోటీకి వెళ్తుందట, అందుకని పెళ్లి కొన్నాళ్లు ఆపుదామంటున్నారు. ఇది అందాల పోటీయా, పిల్ల చేతిలో ఉన్న పని దీనివల్ల పాడవుతుందా, పెళ్లి ఎప్పుడు పెట్టుకోవాలి, బంధువులకు ఏమని చెప్పాలి అని అడిగారు.

నాహేకు దక్షిణాన ఉన్న ఫాల్ట్స్ ప్రాంతంలో, రైతుల సహకార వైన్ కేంద్రం ఒకదానిలో నేను ప్రయోగశాల పని చూస్తాను. ద్రాక్ష ట్రాక్టర్లు గేటు దాటినప్పటి నుంచి నేలమాళిగలో రసం పులిసి వైన్ అయ్యేదాకా పరీక్షలన్నీ మా బాధ్యత. మాతో పనిచేసిన అమ్మాయిల్లో కిరీటం పెట్టుకున్నవారూ ఉన్నారు, పోటీకి వెళ్లి ఉత్త చేతులతో వచ్చినవారూ ఉన్నారు.

అందాల పోటీ కాదు. ఈ మాట మీ ఆడపడుచులకు ధైర్యంగా చెప్పండి. జర్మనీలో వైన్ ద్రాక్ష పండించే ప్రాంతాలు 13. ప్రతి ప్రాంతానికీ ఒక రాణి, దాని కింద చాలా ఊళ్లకు ఊరి రాణులు. ఊరి కిరీటం చాలాచోట్ల సరదా వ్యవహారమే, ఆ ఏడు ఎవరు ముందుకొస్తే వారి తలకే. ప్రాంతీయ స్థాయికి వచ్చేసరికి ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. అక్కడ నెగ్గినవారికే జాతీయ పోటీకి దారి. దాన్ని జర్మన్ వైన్ సంస్థ రెండు దశల్లో నడుపుతుంది. మొదటి దశలో సుమారు 70 మంది న్యాయనిర్ణేతల ఎదుట నిలబడి తోట పని, తయారీ, చట్టం, అమ్మకం గురించి అడిగినవాటికి అక్కడికక్కడే జవాబు చెప్పాలి. విదేశాలకు పంపేవారు కాబట్టి ఇంగ్లీషులోనూ మాట్లాడించి చూస్తారు. అందులో నిలిచిన అయిదారుగురు చివరి రాత్రికి చేరతారు. దాన్ని టీవీలో ప్రసారం చేస్తారు. కళ్ల ముందు పెట్టిన గ్లాసులో ఏ రకం వైన్ ఉందో సీసా చూడకుండా చెప్పమనడం, అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద మాట్లాడమనడం ఇక్కడి పరీక్షలు. ఒకరికి రాణి కిరీటం వస్తుంది, ఇద్దరు రాకుమార్తెలవుతారు.

ఎలాంటి ప్రశ్నలో ఒకటి రెండు చెబుతాను. సీసా మీద ‘ట్రోకెన్’ అని, అంటే తీపి లేనిదని, రాయాలంటే లీటరులో చక్కెర ఎంత వరకు మిగలవచ్చు? పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా. ఐస్‌వైన్‌కు ద్రాక్ష ఎప్పుడు కోస్తారు? తీగ మీదే గడ్డకట్టిన పండును, ఉష్ణోగ్రత సున్నాకు 7 డిగ్రీలు కిందికి పడిన తెల్లవారుజామున కోసి, గడ్డ కరగకముందే పిండాలి. ఇవి చదివి చెప్పగలిగే ప్రశ్నలు. అసలు తేడా ఆ తర్వాతి ప్రశ్నలో బయటపడుతుంది.

మీ కాబోయే కోడలు ఆగస్టు చివరి నుంచి జేబులో ఒక చిన్న గొట్టం పెట్టుకుని తిరుగుతుంది, ఈసారి వెళ్లినప్పుడు అడిగి చూడండి. వరుసల మధ్య నడుస్తూ ఎండ తగిలే వైపు నుంచి ఒక పండు, నీడ వైపు నుంచి ఒకటి తెంపి, వేళ్లతో చిదిమి, గొట్టం చివరి గాజు పలక మీద రెండు చుక్కలు వేస్తుంది. మూత నొక్కి వెలుతురు వైపు ఎత్తి చూస్తే లోపల నీలం, తెలుపు కలిసే గీత ఒక అంకె దగ్గర ఆగుతుంది. దాన్ని ఎక్స్‌లె డిగ్రీ అంటారు. లీటరు నీటి కన్నా లీటరు ద్రాక్షరసం ఎన్ని గ్రాములు ఎక్కువ తూగుతుందో చెప్పే లెక్క అది. రసంలో చక్కెర పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. గీత 80 దగ్గర ఆగిందనుకోండి, ఈరోజే కోయాలా, శనివారం వానకు ముందు కోయాలా, తెగించి ఇంకో వారం ఆగాలా అన్నది ఆ ఒక్క అంకెతో తేలదు. పులుపు ఎంత తగ్గింది, లోపలి గింజ గోధుమ రంగుకు తిరిగిందా, తొక్క నమిలితే చేదుగా ఉందా, గుత్తి అడుగున కుళ్లు మొదలైందా, ఇవన్నీ కలిపి చూడాలి. రోజూ ఈ నిర్ణయాలు తీసుకునే పిల్లకూ, పుస్తకం బట్టీ పట్టిన పిల్లకూ తేడా మూడో వాక్యంలోనే తెలిసిపోతుంది. (హైదరాబాదు అనాబ్‌షాహి ద్రాక్షకు అలవాటుపడ్డవాళ్లం కదా, మనకు ఈ వైన్ ద్రాక్ష మొదటిసారి నచ్చదు. పండు చిన్నది, తొక్క మందం, నోటి నిండా గింజలు.)

అయితే ఒక హెచ్చరిక కూడా ఉంది. తయారీదారులైన అమ్మాయిలు ఓడిపోతే అది తెలియక కాదు, ఎక్కువ తెలిసి. వేదికెక్కి పులియబెట్టే ఉష్ణోగ్రతల గురించి ఉపన్యాసం ఇస్తారు. హాల్లో ఉన్నవారు మాత్రం ఈ సీసా ఎందుకు కొనాలో ఒక్క మాటలో వినాలనుకుంటారు. మీ అబ్బాయికి ఒక పని చెప్పండి. వైన్ గురించి ఏమీ తెలియని అతని స్నేహితులను కూర్చోబెట్టి ఆమెతో మాట్లాడించమనండి. వారికి అర్థమైతే న్యాయనిర్ణేతలకూ అర్థమవుతుంది.

ఈ సంప్రదాయం రాజుల కాలం నాటిదని చాలామంది అనుకుంటారు. వందేళ్లు కూడా కాలేదు. 1931లో, ఆర్థిక మాంద్యంలో వైన్ అమ్ముడుపోక రైతులు అల్లాడుతున్న రోజుల్లో, నోయ్‌స్టాట్ పట్టణంలో ఫాల్ట్స్ ప్రాంతానికి మొదటి రాణిని ఎన్నుకున్నారు. తమాషా ఏమిటంటే ఆ మొదటి రాణి వచ్చింది తోటల ఊరి నుంచి కాదు, చెప్పుల తయారీకి పేరుపడ్డ పిర్మాజెన్స్ నుంచి. యుద్ధం ముగిశాక 1949లో అదే నోయ్‌స్టాట్‌లో దేశం మొత్తానికి తొలి రాణి వచ్చింది. ఆమె పేరు ఎలిజబెత్ కూన్, ఊరు అక్కడికి పక్కనే ఉన్న డీడెస్‌ఫెల్ట్. రెండు జర్మనీలు కలిశాక తూర్పు వైపు నుంచి సాలె-ఉన్‌స్ట్రూట్, జాక్సెన్ ప్రాంతాలు చేరి 11 కాస్తా 13 అయ్యాయి. కాబట్టి ఇది మొదటి నుంచీ వ్యాపార ప్రచారమే. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు, దాచేవారూ లేరు.

కిరీటం, గౌను పాతకాలపు వేషమని, ఆడపిల్లలే ఎందుకని జర్మనీలోనూ విమర్శలున్నాయి. కొన్ని ఊళ్లలో ఇప్పుడు అబ్బాయిలనూ ఎన్నుకుంటున్నారు. 2016లో ట్రియర్ నగరం సిరియా నుంచి శరణార్థిగా వచ్చిన నినోర్టా బాహ్నో అనే యువతిని తన వైన్ రాణిగా చేసుకుంది. నా మట్టుకు నాకు ఆ గౌను నచ్చదు, కిరీటం మాత్రం పనికొచ్చే వస్తువే. వెయ్యి మంది ఉన్న వాణిజ్య ప్రదర్శనలో కిరీటం పెట్టుకున్న పాతికేళ్ల పిల్ల ఎదురైతే మంత్రి అయినా ఆగి మాట్లాడతాడు. అదే పిల్ల మామూలు చొక్కాతో చేతిలో కరపత్రాలు పట్టుకుని నిలబడితే ఎవరూ ఆగరు.

ఇక పని ఎంత ఉంటుంది అన్నారు. చాలా ఉంటుంది. జాతీయ రాణికి ఏడాదిలో సుమారు 200 కార్యక్రమాలు. జనవరిలో బెర్లిన్ వ్యవసాయ ప్రదర్శన, మార్చిలో డ్యూసెల్‌డార్ఫ్ వైన్ వాణిజ్య ప్రదర్శన, వేసవంతా ఊరూరా వైన్ తిరునాళ్లు, మధ్యలో విదేశీ ప్రయాణాలు. ప్రాంతీయ రాణికి అన్ని ఉండకపోయినా శని ఆదివారాలు ఆమె చేతిలో ఉండవు. ఇది గౌరవ హోదా, జీతం వచ్చే ఉద్యోగం కాదు. ఇంటికి వచ్చాక ఆమె కోసం తోట ఎదురుచూస్తూ ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది, మీరు అడగకపోయినా ఇదే ముఖ్యమైన సంగతి. జాతీయ పోటీ జరిగేది సెప్టెంబరులో. ద్రాక్ష కోత జరిగేదీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. ఏడాదంతా చాకిరీ చేసిన తోట ఫలితం ఆ ఐదారు వారాల్లో తేలుతుంది. పగలు కోత, సాయంత్రం పిండడం, రాత్రి నేలమాళిగలో తొట్టెల ఉష్ణోగ్రత చూసుకోవడం. ఒక తొట్టెలో పులియడం ఆగిపోతే ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆఫీసు ఉద్యోగమో చదువో ఉన్న అభ్యర్థి సెలవు పెట్టుకుని పోటీకి తయారవుతుంది. తయారీదారు మాత్రం పొద్దున తోటలో బూట్లు బురద చేసుకుని సాయంత్రం పోటీకి చదవాలి. అందువల్ల ఆమె కుటుంబాన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆమె లేని రోజుల్లో నేలమాళిగ బాధ్యత ఎవరిది? తండ్రో, తమ్ముడో, పనితెలిసిన మనిషో ఉండి, ‘నేను చూసుకుంటాను’ అంటే ఇబ్బంది లేదు. అందరూ ఆమె మీదే ఆధారపడి ఉంటే జాతీయ పోటీ గురించి రెండుసార్లు ఆలోచించమనే చెబుతాను. నెగ్గితే ఆ కోతలో సగం, వచ్చే ఏడాది మొత్తం పోతాయి.

కిరీటం వల్ల చేతిపని పాడవుతుందా అంటే, ఏడాది దూరమైనంత మాత్రాన పాడవదు. ఆ 13 ప్రాంతాల్లో ఒకటైన ఆర్ నది లోయకు చెందిన యూలియా బెర్ట్రామ్ 2012లో జాతీయ రాణి అయ్యారు. తర్వాత సొంతంగా వైన్ తయారీ మొదలుపెట్టి, ఇప్పుడు భర్తతో కలిసి డెర్నావ్ గ్రామంలో నడుపుతున్నారు. వారి ఎర్ర వైన్‌ల గురించి మాట్లాడేవారు ఆవిడ కిరీటం సంగతి చివరికెప్పుడో గుర్తు చేసుకుంటారు. మీ కోడలి ప్రాంతం నుంచే ఇంకో ఉదాహరణ ఉంది. నాహే లోయలోని గుల్డెన్‌టాల్‌లో ద్రాక్ష రైతు ఇంట్లో పెరిగిన యూలియా క్లోక్‌నర్ 1995లో జాతీయ వైన్ రాణి. 2018 నుంచి 2021 దాకా కేంద్ర వ్యవసాయ మంత్రి, 2025 మార్చి నుంచి జర్మనీ పార్లమెంటు అధ్యక్షురాలు. మన లోక్‌సభ స్పీకరు స్థానం అనుకోండి. ‘వైన్ రాణి అంటే ఏమిటి?’ అని మీ బావగారు పెదవి విరిస్తే ఈ ఒక్క ముక్క చాలు.

నాహే చిన్న ప్రాంతం, తోటలు 4,000 హెక్టార్లకు కాస్త పైన. దేశం మొత్తం మీద లక్ష హెక్టార్లు దాటి ఉన్నాయి. అయినా 2013, 2017, 2019లో జాతీయ కిరీటం నాహే అమ్మాయిలకే దక్కింది. మీ కోడలు పోటీకి వెళ్లడం వృథా ప్రయాస కాదు.

ఈ పదవి అంటే నవ్వుతూ చేతులూపడమే అనుకునేవారికి నేను ఆర్ లోయ సంగతి చెబుతాను. 2020లో ఎన్నికైన ఎవా లాన్‌త్సెరాట్ ఆ లోయ అమ్మాయే. ఆమె గడువు ఇంకా పూర్తికాకముందే, 2021 జూలై 14 రాత్రి వరద వచ్చింది. ఆ లోయలో 130 మందికి పైగా చనిపోయారు. వైన్ ఇళ్ల నేలమాళిగల్లోకి బురద నీరు చేరి పీపాలు కొట్టుకుపోయాయి, తోటల కిందిభాగం నది పాలైంది. కోత రెండు నెలల్లో ఉంది, చేతిలో యంత్రం లేదు. మిగతా ప్రాంతాల నుంచి రైతులు ట్రాక్టర్లు, పంపులు వేసుకుని వచ్చారు. బురద పట్టిన సీసాలను కడగకుండా అలాగే అమ్మి విరాళాలు పోగుచేశారు, 40 లక్షల యూరోలకు పైనే వచ్చాయి. అంత విషాదంలో తన సొంత లోయ గురించి దేశానికి చెప్పాల్సిన బాధ్యత ఆ ఏటి రాణి మీద పడింది. కిరీటం ఉన్న మనిషి కాబట్టి మైకులు ఆమె ముందుకు వచ్చాయి.

సరే, పెళ్లి. మీరు ముహూర్తాల పట్టిక తీసుకోండి, నేను తోట పట్టిక చెబుతాను. వైశాఖం, జ్యేష్ఠం అంటే మే, జూన్ నెలలు. మే మధ్య దాకా మంచు పడి లేత చిగుళ్లు మాడిపోయే భయం ఉంటుంది, రైతులు రాత్రిళ్లు థర్మామీటరు చూసుకుంటూ కూర్చుంటారు. జూన్‌లో పూత, ఆ తర్వాత తీగలు కట్టడం, ఆకు తీయడం. పైగా రాణికి తిరునాళ్ల ఋతువు. శ్రావణంలో తోట కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది, కానీ ఆగస్టులో బాడ్ క్రోయిట్స్‌నాఖ్ పట్టణంలో నాహే వారి పెద్ద జాతర ఉంటుంది, రాణి అక్కడ ఉండి తీరాలి. ఆశ్వయుజం గురించి మాట్లాడనే వద్దు, కోత. కార్తీకం పరవాలేదు, కాకపోతే నేలమాళిగలో వైన్ ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. మాఘమే మంచిది. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా తోటలో ఉన్న పని కొమ్మ కత్తిరింపే, దాన్ని రెండు వారాలు ఇంకొకరు చూసుకోవచ్చు. జనవరి బెర్లిన్ ప్రదర్శన అయిపోయాక, మార్చి డ్యూసెల్‌డార్ఫ్ ప్రదర్శనకు ముందు ఒక ఖాళీ దొరుకుతుంది. అదృష్టం కొద్దీ మన పెళ్లిళ్ల కాలమూ అదే. ఫాల్గుణం మాత్రం వద్దు.

వాయిదా ఎంత అంటారా. ఇప్పుడున్న ప్రాంతీయ గడువు వచ్చే శరదృతువు దాకా. జాతీయ కిరీటం వస్తే ఇంకో ఏడాది. అంటే ఈ మాఘంలో చేస్తే ప్రాంతీయ రాణిగానే పెళ్లి పీటల మీద కూర్చుంటుంది, లేకపోతే రెండు మాఘాలు ఆగాల్సి రావచ్చు. నన్నడిగితే ఈ మాఘానికే కానివ్వండి అంటాను. నిర్ణయం మాత్రం పిల్లదే. ముందుగా ప్రాంతీయ వైన్ సంఘంలో నియమాలు, కార్యక్రమాల పట్టిక అడిగి తెలుసుకోమనండి. ఆ తర్వాతే పంతులుగారికి ఫోను చేయండి.

బంధువులకు ఏమని చెప్పాలి? ఉన్నదే చెప్పండి. ద్రాక్ష రైతు బిడ్డ, చదువుకున్న పనిమంతురాలు, తన ప్రాంతపు రైతుల తరఫున మాట్లాడటానికి పరీక్ష పెట్టి మరీ ఎన్నుకున్న ప్రతినిధి. వైన్ అన్న మాట మింగేసి ‘ద్రాక్షరసం వ్యాపారం’ అని చెప్పకండి. ఎవరో ఒకరు ఫోనులో ఆమె పేరు కొట్టి చూస్తారు, కిరీటంతో గ్లాసు పట్టుకున్న ఫోటోలు వంద కనిపిస్తాయి, అప్పుడు మీరు దాచినట్టవుతుంది.

మీరు తాగరు కదా, అక్కడికి వెళ్తే ఎలా అన్న సందేహమూ రాశారు. ఇబ్బంది ఏమీ ఉండదు. ప్రతి వైన్ ఇంట్లోనూ సొంత ద్రాక్షరసం ఉంటుంది, దాన్ని సోడాతో కలిపి పెద్ద గ్లాసులో ఇస్తారు. ఆ గ్లాసు ఎత్తి, ఎదుటివారి కళ్లలోకి చూస్తూ తాకిస్తే మర్యాద పూర్తయినట్టే. ఎవరూ బలవంతపెట్టరు. ఒక్కదానితో మాత్రం జాగ్రత్త. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉల్లిపాయల రొట్టెతో పాటు తెల్లగా, మబ్బుగా, తియ్యగా ఉండే పానీయం ఒకటి పెడతారు. పేరు ఫెడర్‌వైసర్. చూడటానికి ద్రాక్షరసమే. నిజానికి అది సగం పులిసిన రసం. మన తాటికల్లు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉన్నట్టే ఇదీ గంటగంటకూ మారుతుంది. తీపి వల్ల తెలియదు, రెండు గ్లాసులకే తల తిరుగుతుంది. సీసా మూత కూడా గట్టిగా బిగించరు, లోపలి గాలికి పగులుతుందని. మీవారికి ముందే చెప్పి ఉంచండి.

చివరి రాత్రి పోటీకి మీరూ రావాలనుకుంటే మాత్రం ఆలస్యం చేయకండి. ప్రతి అభ్యర్థి వెంట ఊరి జనం బ్యానర్లతో, ఒకే రంగు చొక్కాలతో దిగుతారు, హాలు వారితోనే నిండిపోతుంది. ఆమె మొదటి దశ దాటేదాకా ఆగి టికెట్ల కోసం చూస్తే దొరకవు. వీసాకు పట్టే సమయం వేరే. జూన్‌లోనే కాగితాలు పెట్టుకోండి, ఊరి జట్టులో మీ పేర్లు రాయించమని వియ్యపురాలికి ఇప్పుడే చెప్పించండి.